కందకం తవ్విన చిన్న చేతులు

బద్ర్ సంగ్రామం ఎప్పుడు జరిగిందని మన ఇళ్లలోని పిల్లలను అడిగితే తడుముకోకుండా హిజ్రీ 2 అంటారు. ఉహుద్ హిజ్రీ 3, ఖందఖ్ హిజ్రీ 5 అని వరుసగా ఒప్పజెప్తారు. బద్ర్‌లో పాల్గొన్న సహాబాల సంఖ్య 313 అని చిన్న తమ్ముడికి కూడా నేర్పుతారు. జ్ఞాపకశక్తి మన సమాజానికి అల్లాహ్ ప్రసాదించిన గొప్ప వరం. ఖుర్ఆన్‌ను గుండెల్లో దాచుకున్న సమాజానికి నాలుగు తేదీలు దాచుకోవడం ఒక లెక్క కాదు.

అయితే అదే పిల్లవాణ్ణి, "నాయనా, మదీనాకు నాలుగు దిక్కులుండగా కందకాన్ని ఉత్తరం వైపే ఎందుకు తవ్వారు?" అని అడిగి చూడండి. చాలాసార్లు మౌనమే జవాబవుతుంది. తేదీ తెలుసు, చోటు తెలియదు. సంఖ్య తెలుసు, ఆ సంఖ్యలోని మనుషులు పడిన శ్రమ తెలియదు. చోటూ శ్రమా లేని యుద్ధగాథలో చివరకు మిగిలేది కత్తి ఒక్కటే. నేటి పిల్లలకు కత్తుల కథలు సెల్‌ఫోన్ తెరమీద కావలసినన్ని దొరుకుతున్నాయి. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సీరత్ కూడా వాటి పక్కన మరో కత్తి కథగా నిలిస్తే, ఆ పిల్లలకు జరిగే నష్టం చిన్నది కాదు. 'మీ మతం కత్తితో వచ్చింది' అని ఎవరైనా అన్ననాడు వారికి జవాబు దొరకదు. అంతకంటే ప్రమాదకరంగా, ఆ మాటే నిజమని వారికీ అనిపించవచ్చు.

ఈ కారణంగానే మేము మా మదరసాలో ఖందఖ్ పాఠాన్ని మట్టితో బోధించడం మొదలుపెట్టాము. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు విద్యార్థులు అసర్ నమాజు తరువాత కూర్చుని, అందరూ కలిసి మదీనా నగర నమూనాను తయారు చేస్తారు. ఈ పద్ధతిలో మాకు కలిగిన అనుభవాలను, దానివెనుక ఉన్న ఆలోచనను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నమూనా చేయడం సమ్మతమేనా?

మదరసాలో మట్టిబొమ్మలా అని కొందరు పెద్దలు సందేహం వెలిబుచ్చారు. ఆ సందేహం న్యాయమైనదే. ప్రాణుల రూపాలు చేయడం గురించి హదీసులలో కఠినమైన హెచ్చరికలున్నాయి. రూపాలు చేసి జీవనం సాగించే ఒక పనివాడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, ఆయన ఆ హెచ్చరికను వినిపించి, ఈ వృత్తి తప్పనిసరి అనుకుంటే చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ మాత్రమే చేసుకొమ్మని సలహా ఇచ్చినట్లు బుఖారీలో ఉంది. మాకు ఆ సలహాయే హద్దుగా నిలిచింది. మా నమూనాలో కొండలుంటాయి, ఇళ్లుంటాయి, చెట్లుంటాయి, కందకం ఉంటుంది. మనిషి ఉండడు, గుర్రం ఉండదు, ఒంటె ఉండదు. పిల్లలు ఆడుకునే బొమ్మల విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదాల జోలికి పోవలసిన అవసరమే మాకు కలుగలేదు.

మరి సైన్యాలు ఎలా? గింజలతో. ఒక్కొక్క గింజ నూరుమందికి గుర్తు. దండెత్తి వచ్చిన కూటమి సుమారు పదివేలు కనుక వారికి నూరు చింతగింజలు. ముస్లిములు సుమారు మూడువేలు కనుక వారికి ముప్పై బఠాణీలు. నూరు గింజల కుప్ప పక్కన ముప్పై గింజల కుప్ప పెట్టినప్పుడు పిల్లలు కొద్దిసేపు ఏమీ మాట్లాడరు. పుస్తకంలో 10,000 అన్న అంకె చదివినప్పుడు ఆ నిశ్శబ్దం రాదు.

మా విజయవాడ పక్కనే కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్రతో అక్కడ చేసే బొమ్మలు లోకప్రసిద్ధం. పొణికి చెక్క తేలికగా ఉంటుంది, చెక్కితే లొంగుతుంది. ఆ చేతిపని ఓర్పును మా విద్యార్థులు ఎరుగుదురు. రూపాలు లేకపోయినా ఆ ఓర్పు మాత్రం మాకు కావలసిందే.

ఇక గీతలు గీసి, వస్తువు చూపి బోధించడం మనకు కొత్తదేమీ కాదు. మానవుని ఆయుష్షును, దానిని దాటి సాగిపోయే అతని ఆశలను వివరించడానికి దైవప్రవక్త (సఅసం) ఒక చతురస్రం గీసి, దాని మధ్య నుంచి వెలుపలికి పోయే గీతనూ, పక్కన చిన్న గీతలనూ గీసి చూపినట్లు బుఖారీలోనే మనం చదువుతాము. కంటికి కనబడిన పాఠం గుండెకు త్వరగా చేరుతుందన్నది మనకు ప్రవక్త బోధన నుంచే అందిన విషయం.

యుద్ధభూములను కొలిచిన హైదరాబాదీ

ఈ పనిలో మాకు దారి చూపినది ఒక తెలుగునేల బిడ్డ. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించారు. తరువాత దశాబ్దాల పాటు పారిస్‌లో నివసించి, ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. 2002లో అమెరికాలో పరమపదించారు. ప్రవక్త కాలపు యుద్ధభూములపై ఆయన ఉర్దూలో రచించిన 'అహ్దె నబవీ కే మైదానె జంగ్' గ్రంథం మన మదరసాలకు సుపరిచితం.

ఆయన గ్రంథాలయంలో కూర్చుని మాత్రమే ఆ పుస్తకం రాయలేదు. స్వయంగా ఆ ప్రదేశాలకు వెళ్లి, నడిచి, కొలిచి, పటాలు గీశారు. గ్రంథాలలోని వర్ణనను నేలమీద పెట్టి సరిచూశారు. ఏ కొండ ఎటు ఉంది, ఎటునుంచి దారి ఉంది అన్నది తెలియకుండా ఏ యుద్ధమూ అర్థం కాదన్నది ఆయన శ్రమ నుంచి మేము గ్రహించిన విషయం. మన పిల్లలు మదీనాకు వెళ్లి కొలవలేరు. కానీ ఆ కొలతలను కృష్ణమ్మ ఒండ్రుమట్టిలో దింపగలరు.

ఐదు జట్లు, ఒక పలక

రెండు ప్లైవుడ్ పలకలను జతచేస్తే ఎనిమిది అడుగుల చదరం వస్తుంది. దానిమీద ఒక సెంటీమీటరు ఇరవై ఐదు మీటర్లకు సమానమని లెక్క పెట్టుకున్నాము. విద్యార్థులను ఐదు జట్లుగా విభజించాము.

మొదటి జట్టు పని హర్రాలు. మదీనాకు తూర్పున, పడమరన నల్లటి లావా రాళ్లు పరచుకున్న నేలలున్నాయి. వీటినే హర్రా అంటారు. తూర్పుది హర్రతు వాఖిం, పడమటిది హర్రతుల్ వబరా. ఇందుకు పిల్లలు రోడ్డు పనులకు వాడే నల్ల కంకర చిప్స్ ఏరుకొచ్చి అతికించారు. రెండవ జట్టు దక్షిణాన దట్టంగా ఉన్న ఖర్జూర తోటలను, వాటి మధ్య ఇళ్లను చేసింది. ఖర్జూరానికి మన ఈతచెట్టు దగ్గరి చుట్టం కనుక ఈతాకులనే చీల్చి చెట్లుగా గుచ్చారు. మూడవ జట్టు సల్అ్ కొండను నిలబెట్టింది. ముస్లిముల శిబిరం ఆ కొండను వెన్నుగా చేసుకుని ఉండేది. నాలుగవ జట్టు కందకం తవ్వే జట్టు. ఐదవది లెక్కల జట్టు. కొలతలు, గింజలు, దిక్కులు వారి బాధ్యత. మా బాలికల విభాగం ఈ లెక్కల జట్టు పనిని ఎంచుకుంది. వారి లెక్కలో తప్పు దొర్లినట్లు ఇంతవరకు మా దృష్టికి రాలేదు.

మట్టి విషయంలో ఒక మాట. ఉత్త నల్లరేగడితో చేస్తే ఆరగానే బీటలు వారుతుంది. ఒండ్రుమట్టిలో కొంత ఇసుక, కొంత వరి ఊక కలిపి తొక్కితే నిలుస్తుంది. ఈ సంగతి మాకంటే పొలాల నుంచి వచ్చిన పిల్లలకే బాగా తెలుసు. చదువులో వెనుకబడి, ఎప్పుడూ చివర కూర్చునే కుర్రాడు ఆ రోజు అందరికీ మట్టి కలపడం నేర్పాడు. ఉమ్మడి పనిలో ఉన్న బరకత్ ఇదే. ఎవరి దగ్గర ఏముందో అందులో బయటపడుతుంది. మదీనాలో జరిగిందీ అదే కదా! అరేబియాకు తెలియని కందకం ఉపాయాన్ని చెప్పినవారు పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి). దూరదేశం నుంచి వచ్చి, బానిసత్వపు కష్టాలు అనుభవించిన ఒక వ్యక్తి సలహాను యావత్ నగరం శిరసావహించింది.

పలక సిద్ధమైన తరువాత మేము కందకం గురించి ఏమీ చెప్పలేదు. నూరు చింతగింజలను పిల్లల చేతికిచ్చి, నగరంలోకి రమ్మన్నాము. తూర్పు నుంచి తోస్తే గింజలు కంకరలో చిక్కుకున్నాయి. గుర్రపు డెక్క ఆ రాళ్లమీద పరుగెత్తలేదని వారికి అర్థమైంది. పడమరా అంతే. దక్షిణాన ఈతాకుల మధ్య ఒక్కొక్క గింజే దూరగలదు, దండు దూరలేదు. చివరకు అన్ని చేతులూ ఉత్తరానికి చేరాయి. "హజ్రత్, ఇటు ఏమీ అడ్డం లేదు!" అన్నారు. కందకం ఉత్తరానే ఎందుకన్న ప్రశ్నకు ఇక మా జవాబు అక్కరలేకపోయింది.

మన తెలుగులో వాడే 'కందకం' అన్న మాట ఆ 'ఖందఖ్' అన్న మాటే. పర్షియన్ నుంచి అరబీకి, అక్కడి నుంచి కోటల వెంట మన భాషకు నడిచి వచ్చింది. ఈ సంగతి విన్నప్పుడు మదీనా పిల్లలకు ఒక అడుగు దగ్గరయింది.

నాలుగు మూరల వాటా

కందకం తవ్వకాన్ని దైవప్రవక్త (సఅసం) పదిమందికి నలభై మూరల చొప్పున పంచినట్లు ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. దీనిని లెక్కల జట్టుకు అప్పగించాము. మూడువేల మంది అంటే మూడు వందల బృందాలు. ఒక్కొక్క బృందానికి నలభై మూరలు. మొత్తం పన్నెండు వేల మూరలు. మూర అంటే మోచేతి నుంచి వేలికొన వరకు, సుమారు 46 సెంటీమీటర్లు. వెరసి దాదాపు ఐదున్నర కిలోమీటర్లు. మన ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. అంటే నాలుగున్నర బ్యారేజీలంత పొడవు. యంత్రాలు లేవు, గడ్డపారలూ తట్టలూ చాలినన్ని లేవు, పైగా చలి, ఆకలి.

నమూనాలో ఆ కందకం రెండు మీటర్లకు పైగా వచ్చింది. వంపులు తిప్పి పలకమీద అమర్చాము. ఒక బృందపు నలభై మూరలు ఎంత వస్తుందో చూడమన్నాము. ఏడు మిల్లీమీటర్లు వచ్చింది. చిటికెనవేలి గోరంత! పదిమంది రోజుల తరబడి పడిన శ్రమ పిల్లవాని గోటి కింద దాగిపోయింది.

అప్పుడు లెక్కల జట్టులోని ఒక బాలిక మరో భాగహారం చేసింది. పదిమందికి నలభై మూరలైతే ఒక్కరికి నాలుగు మూరలు. దాదాపు ఒక మనిషి నిలువంత! అంటే ఒక్కొక్క సహాబీ తన నిలువెత్తు పొడవున్న నేలను తవ్వారు. ఐదున్నర కిలోమీటర్ల కందకం నిజానికి పక్కపక్కనే పరచిన మూడువేల నిలువుల వరుస. వారిలో ఒక్కరు తన వాటా వదిలేస్తే, కందకంలో ఒక మనిషి నిలువంత ఖాళీ మిగులుతుంది. ఒక గుర్రం దూకడానికి అంత ఖాళీ చాలు.

ఇది ఊహ కాదు. కందకం ఇరుకుగా ఉన్నచోట అమ్ర్ బిన్ అబ్దె వుద్ గుర్రంతో లోపలికి దూకాడనీ, హజ్రత్ అలీ (రజి) అతణ్ణి ఎదుర్కొన్నారనీ చరిత్ర చెబుతోంది. పిల్లలు ఆ ఘట్టాన్ని ఇదివరకు హజ్రత్ అలీ (రజి) శౌర్యగాథగా విని ఉన్నారు. ఆ శౌర్యం సత్యం. ఇప్పుడు దానితోపాటు ఇంకొకటి చూశారు. ఇరుకు ఒక్కచోటే ఉంది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్ల పొడవునా పదివేల సైన్యం నిలిచిపోయింది. పేరు తెలియని వేలమంది నాలుగేసి మూరల శ్రమ దానిని ఆపింది.

ఆ నాలుగు మూరల శ్రమ నుంచి నాయకుడు తప్పుకోలేదు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా మట్టి మోశారనీ, ఆ మట్టి ఆయన శరీరాన్ని కప్పివేసిందనీ బుఖారీ ఉల్లేఖనం. గట్టి బండ అడ్డుపడితే ఆయనే గడ్డపార అందుకున్నారు. అప్పటికి మూడు రోజులుగా ఎవరూ ఏమీ రుచి చూడలేదు. ఆయన కడుపుకు రాయి కట్టుకుని ఉన్నారు. అది చూసి తట్టుకోలేని హజ్రత్ జాబిర్ (రజి) ఇంటికి పరుగెత్తి, ఉన్న కొద్దిపాటి బార్లీతో, చిన్న మేకపిల్లతో భోజనం సిద్ధం చేయించి రహస్యంగా పిలిస్తే, దైవప్రవక్త (సఅసం) కందకం దగ్గరున్న వారందరినీ వెంటబెట్టుకుని వెళ్లారు. అల్లాహ్ శుభం వల్ల ఆ వంటే అందరికీ చాలింది. అందరితో తవ్విన నాయకుడు ఒంటరిగా తినలేదు.

కందకం లేని వైపు

మేము పాఠంలో అత్యంత జాగ్రత్తగా నడిచిన చోటు ఇది. కందకం పూర్తయి, ముప్పై బఠాణీలూ దాని వెంట బారులు తీరిన తరువాత, వెనుక ఆగ్నేయాన ఉన్న కోటల వైపు పిల్లల దృష్టి మళ్లించాము. అవి బనూ ఖురైజా తెగవారివి. ముస్లిములకూ వారికీ మధ్య ఒప్పందం ఉంది. ముట్టడి మధ్యలో ఆ ఒప్పందం చెడిందన్న వార్త వచ్చింది. "హజ్రత్, అటు కందకం లేదు కదా!" అని ఒక్కసారిగా నాలుగైదు గొంతులు లేచాయి. అటే స్త్రీలూ పిల్లలూ తలదాచుకున్న గడీలున్నాయి.

ఆ వేళ మదీనా వీధుల్లో కాపలాకు ఐదు వందల మందిని పంపినట్లు చరిత్రకారులు రాశారు. లెక్కల జట్టు ముప్పై బఠాణీలలో ఐదింటిని తీసి నగరంలోకి జరిపింది. కందకం వెంట ఇరవై ఐదే మిగిలాయి. వరుసలో ఏర్పడిన ఖాళీలను చూసి, ఆ రాత్రుల భయం ఎంతటిదో పిల్లలు తమంతట తామే చెప్పారు. అహ్జాబ్ సూరా 9వ ఆయత్ నుంచి సాగే వర్ణనను ఆ తరువాతే మేము పారాయణం చేసి అర్థం వివరించాము. కంఠస్థంగా వచ్చిన ఆయతులే, అయినా ఆ సాయంత్రం పిల్లలు వాటిని కొత్తగా విన్నారు.

ఇక్కడ ఉపాధ్యాయునిపై ఒక బాధ్యత ఉంది. ఒప్పందాన్ని భంగపరచింది ఒక కాలంలోని ఒక తెగ. దానిని ఒక మతస్థులందరికీ, అన్ని కాలాలకూ అంటగట్టరాదు. ఒకరి పాప భారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ సూత్రం. పొరుగువారితో కలిసి బ్రతికే మన పిల్లలకు ఈ ఘట్టం నుంచి అందవలసింది ద్వేషం కాదు, మాట నిలుపుకోవడం ఎంత పెద్ద కోటో తెలుసుకోవడం.

ముట్టడి ఇరవై రోజులకు పైగా సాగింది. చివరకు అది ఎలా ముగిసింది? గతఫాన్ తెగకు చెందిన నుఐమ్ బిన్ మస్ఊద్ (రజి) తన నేర్పుతో శత్రు కూటమిలో పరస్పర విశ్వాసం సడలేలా చేశారు. ఆపై అల్లాహ్ పంపిన చలిగాలి వారి డేరాలను పెకలించింది. గాలి ఏమి చేయగలదో 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మన పెద్దలకు చెప్పనవసరం లేదు. ఆ సాయంత్రం పిల్లలను ఇంటికి వెళ్లి తాతయ్యలను, నానమ్మలను ఆ రాత్రి గురించి అడిగి రమ్మన్నాము.

నూరు చింతగింజలను పలకమీద నుంచి తీసివేశాక ప్రాణనష్టం లెక్కించమన్నాము. ఇరువైపులా చనిపోయినవారు వేళ్లమీద లెక్కపెట్టేటంత మందే. పదమూడు వేలమంది ఎదురుబదురుగా నిలిచిన చోట ఇంత తక్కువ రక్తం! కత్తి కథ కోసం ఎదురుచూసిన పిల్లలకు ఇది ఆశ్చర్యం కలిగించింది. ఆ రోజు రక్షించినవి తవ్విన నేల, సంప్రదింపు, ఓర్పు, దుఆ. గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు రుఫైదా అనే మహిళ గుడారంలో సేవ జరిగిందని చెప్పినప్పుడు బాలికల విభాగం మస్జిదు పక్కన ఒక చిన్న గుడారాన్ని నిలిపింది. మేము చెప్పకుండానే.

మన డెల్టాలో మరో కోట

పిల్లలు ఇంతటితో ఆగలేదు. "మన దగ్గర ఇలాంటి యుద్ధం జరిగిందా?" అని అడిగారు. జరిగింది. విజయవాడ నుంచి బందరు కాలువ వెంట పోతే చేరే మచిలీపట్నంలోనే జరిగింది. ఆ కోటకు కందకం ఉంది, చుట్టూ సహజమైన అడ్డంకి కూడా ఉంది. అయినా అది పడిపోయింది. రెండవ నమూనాకు మేము దానినే ఎంచుకున్నాము.

1759లో బందరు కోట ఫ్రెంచివారి చేతిలో ఉంది. కాన్‌ఫ్లాన్స్ వారి సేనాని. అంతకుముందు 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఓడి అతడు ఇక్కడికి చేరాడు. అతణ్ణి తరుముతూ ఆంగ్ల సేనాని కర్నల్ ఫోర్డ్ మార్చిలో కోట ముందుకు వచ్చాడు. అతనికి తోడుగా విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు సేనలున్నాయి. కోట చుట్టూ చాలావరకు పర్ర నేల, చిత్తడి. ఊరి నుంచి కోటకు ఒక కట్టమీదుగానే దారి. లోపల సుమారు ఐదు వందల మంది ఐరోపా సైనికులు, రెండు వేలకు పైగా సిపాయిలు. ముట్టడించినవారే సంఖ్యలో తక్కువ, వారి మందుగుండు కూడా అడుగంటుతోంది.

ఇక మూడవ సేన ఒకటి ఉంది. ఫ్రెంచివారికి మిత్రుడైన నిజాం సలాబత్ జంగ్ పెద్ద దండుతో వచ్చి మన బెజవాడలో విడిది చేశాడు. అక్కడి నుంచి కోటకు నలభై మైళ్లు.

ఈ నమూనాలో పర్ర కోసం మట్టిని తడి ఆరనివ్వకుండా ఉంచాము. కోట అగడ్తకు ఒక మూల చిన్న రంధ్రం పెట్టి, నీరు పోసి తీసే ఏర్పాటు చేశాము. సముద్రపు ఆటుపోట్లు తెలిసిన బందరు ప్రాంతపు విద్యార్థి ఒకడు ఆ పని తీసుకున్నాడు. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, అగడ్తలో నీరు తీసే ఆటు వేళ చూసి దాడి జరిగింది. రాజు సేన కట్టమీద సందడి చేసింది. ఒక దళం నైరుతిన ఎవరూ దాటలేరనుకున్న చిత్తడిలో నడిచి వచ్చి కాల్పులు జరిపింది. అటు ఎవరైనా రాగలరని లోపలివారు తలచలేదు. ఈ గందరగోళంలో అసలు దళం ఈశాన్య బురుజు వైపు ఎక్కింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. లొంగినవారి సంఖ్య పట్టుకున్నవారి కంటే ఎక్కువ. కొద్దిరోజులకు ఫ్రెంచి ఓడలు సాయంతో వచ్చి, అప్పటికే అంతా ముగియడంతో తిరిగిపోయాయి.

బెజవాడలోని దండు ఏమి చేసింది? కోట కూలేదాకా ఆ నలభై మైళ్లు దాటి వచ్చి ఆదుకోలేదు. తన సోదరుడు నిజాం అలీ హైదరాబాదు వైపు కదులుతున్నాడన్న కబురు సలాబత్ జంగ్‌కు దిగులయింది. 1759 మే 14న ఆంగ్లేయులతో ఒప్పందం చేసుకుని, మచిలీపట్నం, నిజాంపట్నం తదితర ప్రాంతాలను వారికి వదిలాడు. తెలుగు తీరంలో కంపెనీ పాలన వేళ్లూనడానికి అది ఒక మెట్టు అయింది.

రెండు నమూనాలనూ పక్కపక్కనే పెట్టి విద్యార్థులను మాట్లాడమన్నాము. ఒకడు ఇలా అన్నాడు: "మదీనాలో కందకం లేని వైపుకు కూడా మనుషులను పంపారు. బందరులో చిత్తడే కాపలా అనుకున్నారు." మరొకడు బెజవాడ దగ్గర పెట్టిన గింజల కుప్పను చూపి, "వీళ్లు తమ నాలుగు మూరలు తవ్వలేదు" అన్నాడు. మా తరగతిలో అంతకంటే మంచి వ్యాఖ్యానం మేము వినలేదు.

ఇంట్లో చేయదలచినవారికి

ఇది మదరసాకే పరిమితమైన పని కాదు. సెలవుల్లో ఏ ఇంటి వరండాలోనైనా చేయవచ్చు. మా అనుభవం నుంచి కొన్ని సూచనలు. మొదట ఖిబ్లా దిశ కాక, నమూనాకు ఉత్తర దిక్కు గుర్తించండి. నేలను మొత్తం చేసిన తరువాతే గింజలు తెండి. ఎటు అడ్డం ఉంది, ఎటు లేదు అన్నది పిల్లలే కనుగొనాలి. ఒక్క గింజ ఎంతమందికి గుర్తో గోడమీద రాసి ఉంచండి. అన్నాచెల్లెళ్లకు విడివిడి నమూనాలు వద్దు, ఒకే పలకలో వాటాలు ఇవ్వండి. ఒకరి గట్టు మరొకరి గోడకు అతకవలసి వచ్చినప్పుడే సర్దుబాటు నేర్చుకుంటారు. ప్రాణుల బొమ్మలు పెట్టవద్దు. ప్రామాణిక సీరత్ గ్రంథంలో ఉన్నది మాత్రమే చెప్పండి, కథకు రంగు పులమవద్దు. పని మధ్యలో అజాన్ వినబడితే చేతులు కడుక్కుని లేవండి. ఖందఖ్ రోజుల్లో శత్రువు తీరిక ఇవ్వక అసర్ నమాజు దాటిపోయినందుకు దైవప్రవక్త (సఅసం) ఎంత బాధపడ్డారో పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు.

నమూనా పూర్తయి, పాఠం ముగిశాక దానిని అద్దాల పెట్టెలో దాచవద్దు. మేము ప్రతిసారీ మట్టిని తడిపి, గట్టు పక్కన కలిపివేస్తాము. వచ్చే ఏటి విద్యార్థులు మళ్లీ తవ్వాలి. తయారైన కందకాన్ని చూసినవారికి దాని పొడవు తెలుస్తుంది. అందులో నాలుగు మూరల బరువు తవ్వినవారికే తెలుస్తుంది.

ఈనాడు మన కుటుంబాల ముందూ కందకాలున్నాయి. మత్తు పదార్థాలు, అప్పులు, చదువు మానివేత, తీరిక లేని తల్లిదండ్రులు, ఒంటరి పిల్లలు. వీటిని ఎవరో ఒక వీరుడు వచ్చి ఆపుతాడని ఎదురుచూడటం బెజవాడ విడిదిలో కూర్చున్నట్లే అవుతుంది. ప్రతి తండ్రికీ, తల్లికీ, ఉపాధ్యాయునికీ తన నిలువంత వాటా ఉంది. దానిని మరొకరు తవ్వలేరు.

మన పిల్లల చేతులకు శ్రమలోని రుచిని, మన హృదయాలకు పరస్పర విశ్వాసాన్ని, మన ఇళ్లకు తన రక్షణను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.